మామూలు వీపు

"ఈయన వయసు నలభై నాలుగు. మన దగ్గరికి వచ్చి ఆరో రోజు. జ్వరం, ఆయాసం, కిడ్నీలు మొరాయించాయి. ఎందుకో తెలియదు. పరీక్ష చేసి చెప్పు. పది నిమిషాలు."

అంతే చెప్పి కామేశం గారు గడియారం నొక్కేశారు.

పది నిమిషాలంటే బయటివాళ్ళకు బోలెడంత సమయం. మంచం పక్కన నిలబడితే తెలుస్తుంది దాని సంగతి. ఐసీయూ డాక్టర్ల ఆఖరి పరీక్షలో రాత పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు, ఈ పది నిమిషాల దగ్గరే తేలడమో మునగడమో. నేను అప్పటికి రెండుసార్లు మునిగాను. మొదటిసారి భయంతో నోరు పెగల్లేదు. రెండోసారి మరీ ఎక్కువ పెగిలి పరీక్షకుడితో వాదనకు దిగాను. నాకు కోపం తొందరగా వస్తుందని ఇంట్లో అంటారు. అబద్ధం, వాళ్ళే తొందరగా తెప్పిస్తారు. మూడోసారీ తప్పితే ఇక రాయనివ్వరు. ఇది సోమవారం, పరీక్ష ఆదివారం.

మంచం కాళ్ళ దగ్గర నిలబడి ముందు చుట్టూ చూశాను. మానిటర్ మీద గుండె వేగం, బీపీ. ఊపిరి పోసే యంత్రం ఎంత ఒత్తిడితో గాలి కొడుతోందో చూశాను. ఏ పంపులో ఏ మందు వెళుతోంది, మూత్రం సంచిలో ఎంత చేరింది, దాని రంగేమిటి. తర్వాత మనిషి. "నూకరాజు గారూ, నా పేరు హైమ, డాక్టర్ని, మిమ్మల్ని పరీక్ష చేస్తాను" అని చెప్పి చేతులు, కళ్ళు, ఛాతీ, పొట్ట, కాళ్ళు. ఏడో నిమిషం వచ్చేసింది.

"ఇప్పుడు వీపు చూడాలి సార్" అన్నాను.

"వీపు మామూలుగానే ఉంది. ముందుకెళ్ళు."

ఇది మా వాళ్ళ ఆనవాయితీ. గొట్టాల మధ్య పడుకున్న మనిషిని పూర్తిగా పక్కకి తిప్పాలంటే ఐదుగురు కావాలి, పది నిమిషాల్లో అయ్యే పని కాదు. అందుకని అభ్యర్థి చూడాలంటుంది, పరీక్షకుడు మామూలేనంటాడు. అన్నందుకు మార్కు పడుతుంది. దేశంలో ఏ ఐసీయూ అభ్యర్థిని నిద్రలేపి అడిగినా ఈ రెండు మాటలూ అప్పజెబుతారు.

"మలేరియా లేదు, డెంగీ లేదు, స్క్రబ్ టైఫస్ పరీక్ష మొదటి రోజు చేయిస్తే లేదనే వచ్చింది," అని కామేశం గారు అందించారు. "ఇంకేం ఆలోచిస్తావ్?"

నేను ఏవేవో ఆలోచించాను. ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

"గట్టెక్కుతావులే" అన్నారు చివరికి. ఆయన నోట అది పెద్ద పొగడ్త.

అప్పుడు మూలనున్న కుర్చీలోంచి రత్నరాజు గారు లేచి, నూకరాజు చెవి వెనక ఉన్న మీట నొక్కారు. నూకరాజు ఛాతీ కదలడం ఆగిపోయింది.

కంగారు పడకండి. అసలు నూకరాజు కింద అంతస్తులో, ఐసీయూ నాలుగో నంబరు మంచం మీద ఉన్నాడు. నేను పరీక్ష చేసింది ఆయన తమ్ముణ్ణి. 'తమ్ముడు' అనేది రత్నరాజు గారి ముద్దుపేరు. ఆయన మా ఆసుపత్రి ఇంజనీరు, పన్నెండేళ్ళు దీని మీదే కూర్చున్నారు, జుట్టంతా దీనికే సమర్పించుకున్నారు. రోగి ఆసుపత్రిలో చేరగానే మంచం మీదుగా ఒక కమ్మీ తల నుంచి పాదాల దాకా మూడుసార్లు వెళ్ళి ఒంటిని చదువుతుంది. తర్వాత ఒంటికి తగిలించిన తీగలన్నీ నిమిషం నిమిషం కబుర్లు పైకి పంపుతుంటాయి. పైగదిలో రబ్బరు చర్మం, లోపల నీళ్ళ గొట్టాలు ఉన్న ఒళ్ళు ఒకటి ఆ రోగి ఒళ్ళయిపోతుంది. ముఖంతో సహా. గోరు నొక్కితే చెయ్యి లాక్కుంటుంది, కంట్లో వెలుగు వేస్తే పాప చిన్నదవుతుంది. రోగిని ఇబ్బంది పెట్టకుండా మాలాంటివాళ్ళు రోజుకు ఇరవైసార్లు పరీక్ష చేసుకోవచ్చు.

అసలు గొప్ప అది కాదు. తమ్ముణ్ణి ముందుకు నడిపించవచ్చు. ఇప్పుడున్న తీరునుబట్టి రేపీపాటికి ఈ ఒళ్ళు ఎలా ఉంటుందో పావుగంటలో చూపిస్తుంది. అప్పటిదాకా అరవై రెండు మందిని నడిపిస్తే యాభై ఎనిమిది సార్లు రేపు అలాగే వచ్చింది.

"రేపు పొద్దున్న రా," అన్నారు కామేశం గారు. "రేపటి నూకరాజు మీద కాదు, ఎల్లుండి నూకరాజు మీద చేయిస్తాను. మారిపోతున్న రోగిని పట్టుకోవడం వస్తే నిన్నెవరూ ఆపలేరు."

* * *

మంగళవారం పొద్దున్న ఆరింటికే మా ఆయన కిరీటి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. నెల రోజులుగా కాఫీకి ముందు ఆయనే నా రోగి. మంచం చుట్టూ బియ్యం డబ్బా మానిటరు, గొడుగు సెలైన్ స్టాండు.

"స్పృహలో లేవు నువ్వు. మాట్లాడకూడదు" అన్నాను.

"స్పృహలో లేనివాడికి వీపు దురద పుడుతుందా? కాస్త చూడవే, ఏదో కుట్టినట్టుంది."

"వీపు మామూలే. ముందుకెళ్ళాలి."

"చూడకుండానే?"

"పరీక్షలో ఇంతే."

ఆయన లేచి కూర్చుని, అద్దం దగ్గరికెళ్ళి మెడ తిప్పుకుని తనే చూసుకున్నాడు. దోమకాటు. నాకు మూడు నిమిషాలు వృథా అయినందుకు ఒళ్ళు మండింది. ఆటోలో ఆసుపత్రికి వెళుతున్నంతసేపూ మనసులో పాఠం అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. కాకినాడ మెయిన్ రోడ్డు అంతా నా పెదవులు కదలడం చూసి ఉంటుంది.

కామేశం గారు కింద రౌండ్స్‌లో ఉన్నారు. మేమిద్దరమే మొదలుపెట్టాం, రత్నరాజు గారూ నేనూ. ఆయన తమ్ముణ్ణి ముందుకు తోశారు. గోడ మీద గంటలు పరిగెత్తాయి. మంగళవారం మధ్యాహ్నం, సాయంత్రం, బుధవారం ఉదయం. మూత్రం సంచిలో చుక్క పెరగడం మానేసింది. కళ్ళు పచ్చబడ్డాయి. చేతివేళ్ళు నీలంగా మారాయి. నాకు లోపల ఏదో ఉత్సాహం, దాచుకోను. ఇంత స్పష్టంగా ఒక్కో అవయవం లొంగిపోవడం పుస్తకంలో కూడా చూడలేదు. నోట్స్ రాసుకుంటున్నాను.

బుధవారం మధ్యాహ్నం రెండు నలభైకి తమ్ముడి గుండె ఆగిపోయింది.

పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

"వెనక్కి తీసుకెళ్ళండి," అన్నాను. "బీపీ మందు రెట్టింపు చేద్దాం."

చేశాం. మూడు గంటల ఐదుకి ఆగింది. డయాలిసిస్ ఇవాళే మొదలుపెట్టి చూశాం. రెండు యాభై. గాలి ఒత్తిడి మార్చాం. రెండు నలభై ఐదు. యాంటీబయాటిక్ మార్చండి అన్నాను.

"క్రిమి ఏదో తెలిస్తేనే మందు దీని మీద పనిచేస్తుందండి," అన్నారు రత్నరాజు గారు. ఆయన నుదురు తడిసిపోయింది. "తమ్ముడికి ఒళ్ళు తెలుసు. జబ్బు పేరు మనమే చెప్పాలి."

ఐదోసారి నడుపుతున్నాం. గుండె తడబడడం మొదలైంది. ఆ హడావిడిలో మేం ఒక వెధవపని చేశాం. తమ్ముడు ముందుకు నడుస్తున్నప్పుడు తలుపు గడియ వేసి ఎర్రబోర్డు తగిలించాలి. ఇద్దరం మర్చిపోయాం.

కింద ఐసీయూలో బంధువులకు పూటకు పది నిమిషాలే. పాపమని రత్నరాజు గారు నూకరాజు భార్యను రోజూ తొమ్మిదింటికి పైకి రానిచ్చేవారు, ఈ రబ్బరు చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోమని. ఆవిడ పేరు సత్యవేణి. తుని దగ్గర ఊరు. నూకరాజు కరెంటు లైన్‌మన్, జీడిమామిడి తోటల్లోంచి వెళ్ళే లైను ఆయనదే. మొదటి రెండు రోజులూ సిగ్గుపడి, మూడో రోజు నుంచీ తమ్ముడికి తల దువ్వి, "మరిదిగారు ఈ రోజు కాస్త తేటగా ఉన్నారండి" అని మాతో వేళాకోళమాడేది.

తొమ్మిదయింది. తలుపు తోసుకుని ఆవిడ లోపలికి వచ్చింది. పచ్చబడ్డ కళ్ళు, నీలం తిరిగిన వేళ్ళు, ఆగిపోతున్న ఛాతీ చూసింది. మానిటర్ మీద గీత సాగిపోయింది.

సత్యవేణి అరవలేదు. నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత వచ్చిన ఏడుపు నేను ఎప్పటికీ మర్చిపోలేను, అది గొంతులోంచి వచ్చినట్టు లేదు.

"అమ్మా, మీ ఆయన కాదు," అని రత్నరాజు గారు పరిగెత్తారు. "ఆయన కింద బాగానే ఉన్నారు."

నేను అబద్ధమాడలేకపోయాను. "ఇది రేపటిదమ్మా. ఇలాగే ఉంటే రేపు ఇలా అవుతుంది. ఆపాలనే చూస్తున్నాం."

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. "రేపు పోతారని మీకు ఇయ్యాలే తెలుసా అండి?"

"యంత్రం చెబుతోంది."

"అది తప్పు చెప్పదా?"

"ఎప్పుడో ఒకసారి."

నా నోట్సు పుస్తకం ఆవిడ పక్కనే పడి ఉంది. 'మంచి కేసు' అని పైన రాసుకున్నాను. కాలితో దాన్ని మంచం కిందికి తోసేశాను, సిగ్గుతో చచ్చిపోయాను.

సత్యవేణి లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. మేం వద్దనేలోపే తమ్ముడి భుజం కింద చెయ్యి పెట్టి, తల ఒళ్ళోకి తీసుకోబోయింది. చెయ్యి వీపంతా ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఏడుపు ఆగింది.

"ఈయన మా ఆయన కాదండి" అంది.

"అదేనమ్మా చెబుతున్నాం, ఇది..."

"అది కాదండి. ఈపు మా ఆయనది కాదు. మా ఆయన ఈపు మీద కరెంటు కాలిన మచ్చలుంటాయండి. వేలెడితే గుంటలు తగుల్తాయి. ఆదివారం ఆదివారం నూనె రాసేది నేనేనండి, నాకు తెలవదా? ఇదేటండి, గోడలాగ నున్నగా ఉంది."

నేను రత్నరాజు గారి వైపు తిరిగాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కమ్మీ పైనుంచే వెళుతుందండి," అన్నారు నెమ్మదిగా. "వెల్లకిలా ఉన్న మనిషి వీపు దానికి కనబడదు. తీగలు కూడా ముందువైపే. కనబడని చోట ఖాళీ వదలకూడదని, వేలమంది వీపుల్లోంచి సగటు తీసి, మామూలు వీపు వేసేలా పెట్టాను."

పన్నెండేళ్ళ పని. అరవై రెండు మంది. ఒక్క వీపు కూడా నిజం కాదు. మాలాంటి అభ్యర్థులు, కామేశం గారిలాంటి గురువులు చెప్పుకునే ఆ అబద్ధాన్నే ఆయన రబ్బరులో పోసి పెట్టారు. ఆయన్ని అనడానికి నాకేం హక్కుంది? శనివారం నేను కిందకెళ్ళి అసలు నూకరాజునే పరీక్ష చేశాను. "వీపు చూడాలి సిస్టర్" అన్నాను. "చూశాం మేడమ్, బానే ఉంది" అన్నారు. ముందుకెళ్ళిపోయాను. బతికున్న మనిషి మంచం దగ్గర, అడ్డుపడే గడియారం కూడా లేకుండా.

"పదండి" అన్నాను. లిఫ్ట్ కోసం ఆగలేదు.

* * *

ఐసీయూలో సిస్టర్ రూతమ్మ నన్ను చూసి, నా వెనక రొప్పుతూ వస్తున్న సత్యవేణిని చూసి, చేతులు అడ్డం పెట్టింది.

"ఇప్పుడు విజిటర్స్ టైము కాదు మేడమ్."

"నూకరాజు వీపు ఎవరు చూశారు?"

"పూటపూటా చూస్తన్నామండి. మంచంపుండ్లు పడకుండా చూసేది మేమే కదా." ఆవిడకు కోపం వచ్చింది, రావాల్సిందే. పాతికేళ్ళ సర్వీసు. "తిప్పితే ఈయనకి బీపీ పడిపోతందండి, ఆదివారం యాభైకి పోయింది. అందుకని కొద్దిగా ఒరిగించి టార్చి ఏసి చూస్తన్నాం. రాసేం కూడాను."

నర్సుల కాగితం ఒకటి మంచం చివర వేలాడుతుంటుంది. దాని మీద మనిషి బొమ్మ, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఒంటి మీద ఎక్కడ మచ్చ ఉంటే అక్కడ సిస్టర్లు చుక్క పెడతారు. డాక్టర్లం ఆ కాగితం చదవం. నిజం చెబుతున్నాను, ఏడేళ్ళలో నేను దాన్ని తిప్పి చూసింది ఆ రోజే. వెనకవైపు బొమ్మ మీద నాలుగు చుక్కలున్నాయి. పక్కన రూతమ్మ గుండ్రటి అక్షరాలు: 'పాత కరెంటు మచ్చలు, భార్య చెప్పింది.'

సత్యవేణి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"నాలుగేటండి? మూడే కదా."

రూతమ్మ, నేను ఒకేసారి ఆవిడ వైపు తిరిగాం.

"భుజం దగ్గర ఒకటి, ఎన్నెముక పక్కన రెండు. మూడేనండి. నడుం కాడ ఏటీ లేదు."

"నాకు సరిగ్గా కనబడిందమ్మా," అంది రూతమ్మ. "నడుం కాడ నల్లగా కాలినట్టే ఉంది. చుట్టతో చురకెట్టినట్టు."

 చుట్టతో చురక పెట్టినట్టు. ఈ మాట ఒకే ఒక్క జబ్బు గురించి పుస్తకాల్లో రాస్తారు.

కామేశం గారు ఎనిమిదో మంచం దగ్గరనుంచి వచ్చారు. చెప్పాను. ఆయన మానిటర్ వైపు చూశారు. బీపీ ఎనభై ఐదు, అదీ మూడు మందుల మీద.

"తిప్పితే పోతాడు హైమా."

"తిప్పకపోతే రేపు రెండు నలభైకి పోతాడు సార్. పైన ఐదుసార్లు చూసొచ్చాను."

"స్క్రబ్ టైఫస్ లేదని రిపోర్టుంది."

"మొదటి రోజు రిపోర్టు సార్. మొదటి వారంలో దొరక్కపోవచ్చని మీరే చెప్పారు. నిన్న నన్ను అడిగినప్పుడు నేనది చెప్పలేదు, మీరూ అనలేదు. వీపు మామూలేనన్నారు."

ఇలాగే పోయినసారి పరీక్ష తప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, తల దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

"గొట్టం నేను పట్టుకుంటాను. రూతమ్మా, భుజం. ఇద్దరు వార్డువాళ్ళని పిలువు. హైమా, నువ్వు చూడు. ఇరవై సెకన్లు ఇస్తాను."

సత్యవేణిని బయటకు పొమ్మని ఎవరూ అనలేదు. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది.

"ఒకటి, రెండు, మూడు."

నూకరాజు పక్కకు తిరిగాడు. బీపీ డెబ్భై. అరవై రెండు. నేను మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాను. భుజం దగ్గర ఒకటి, తెల్లగా మెరుస్తూ. వెన్నెముక పక్కన రెండు, అవీ తెల్లగా, పాతవి. యాభై ఐదు. నడుం దగ్గర, పనిముట్ల బెల్టు ఒరుసుకునే చోట, కందిబద్దంత నల్లటి పొక్కు. చుట్టూ ఎర్రటి వలయం.

స్క్రబ్ టైఫస్ తెచ్చేది పొదల్లో ఉండే పురుగు, అది కుడితే నొప్పి పుట్టదు. కంటికి కూడా ఆనదు. మిగిలేది ఈ పొక్కు ఒక్కటే.

"ఉంది సార్. కొత్తది."

"వెల్లకిలా తిప్పండి."

నలభై ఎనిమిది. అక్కడే ఆగింది. కామేశం గారు పంపు వేగం పెంచారు.  యాభై. యాభై ఏడు. డెబ్భై దాటాక రూతమ్మ సిలువ గుర్తు వేసుకుంది.

"డాక్సీసైక్లిన్," అన్నారు కామేశం గారు. పల్లెటూరి డాక్టరు కూడా రోజూ రాసే మందు. "నరంలోకి. ఇప్పుడే. తర్వాత నన్నెంతైనా తిట్టుకో."

* * *

మందు వెళ్ళింది కదా, ఇక బతికేసినట్టేననుకుంటారు. కాదు. ఆ మందు ఒంట్లో తన పని చూపించడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. యంత్రం ఇచ్చిన గడువు ఇరవై తొమ్మిది గంటలు. మేం ఆ గడువుతో పరుగుపందెం వేశాం.

రత్నరాజు గారు సాయం రాబోయారు. పైన తమ్ముడి వీపు మీద పొక్కు గీసి, మందిచ్చి ముందుకు తోద్దామన్నారు.

"జబ్బు పేరైతే చెబుతాం, ఒంట్లో క్రిములెన్నో దానికెలా చెబుతాం?" అన్నాను. ఆయన వెళ్ళి మెట్ల మీద కూర్చుండిపోయారు.

బుధవారం పొద్దున్న మూత్రం సంచిలో చుక్క లేదు. పదింటికి కళ్ళు పచ్చబడ్డాయి, నిన్న పైన చూసినట్టే.  పన్నెండున్నరకు డయాలిసిస్ మీద పెట్టాం. రెండింటికి వేళ్ళు నీలంగా మారాయి. ఏ వేలు ముందో, ఏది తర్వాతో కూడా నాకు తెలుసు. చూసేసిన సినిమా మళ్ళీ చూస్తున్నట్టుంది. ఈసారి మనిషి నిజం.

రెండు ఇరవై ఐదుకు బీపీ జారడం మొదలైంది. కామేశం గారు ఒకవైపు, నేనొకవైపు. రూతమ్మ డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళలేదు. సత్యవేణి నూకరాజు పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని కూర్చుంది. టైము ఎవరూ చెప్పలేదు, అందరూ చూస్తున్నారు.

రెండు ముప్పై ఎనిమిది. గుండె తడబడింది. బీపీ మందు ఇంకో మోతాదు వేశాను.

రెండు నలభై. మానిటర్ మీద గీత ఒకసారి వెడల్పుగా లేచి, పడి, ఆగినట్టయింది. నా చేతులు నూకరాజు ఛాతీ మీదికి వెళ్ళిపోయాయి, నొక్కడానికి. అంతలో మళ్ళీ లేచింది. మళ్ళీ. మళ్ళీ.

రెండు నలభై ఒకటి.

"యంత్రం చెప్పింది దాటేడా అండి?" సత్యవేణి గొంతు.

"దాటారు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది, డాక్టర్లు ఏడవకూడదనే పాఠం ఏదైనా ఉంటే నేను అది చదవలేదు.

సాయంత్రానికి బీపీ మందు ఒకటి తగ్గించాం. గురువారం జ్వరం దిగింది. శుక్రవారం మధ్యాహ్నం మూత్రం సంచిలో అరచేతిలో పట్టేన్ని నీళ్ళు చేరితే, రూతమ్మ వార్డంతా తిరిగి చెప్పి వచ్చింది. శనివారం నూకరాజు కళ్ళు తెరిచి భార్యను గుర్తుపట్టాడు. ఆ సాయంత్రమే నేను హైదరాబాద్ బస్సెక్కాను. పాసయ్యాను. ఆ సంగతి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, స్వీట్లు కిరీటి పంచాడు.

* * *

తర్వాతి బుధవారం ఆ మామూలు వీపు సంగతి తేల్చడానికి పైగదికి విచారణ కమిటీ వచ్చి వెళ్ళింది. అప్పటిదాకా తమ్ముణ్ణి చెరపవద్దని ఆర్డరు. అందుకని ఆ మంగళవారం ఐదోసారి గుండె ఆగినచోటే, ఆ తీరులోనే, ఎనిమిది రోజులు అలా పడి ఉన్నాడు. పచ్చటి కళ్ళు సగం తెరుచుకుని. వేడి పుట్టించే తీగ మాత్రం తీయలేదు, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

కమిటీ వెళ్ళాక రత్నరాజు గారు చెరిపేద్దామని కూర్చుంటే సత్యవేణి వచ్చింది. ఐసీయూ నుంచి కింద మామూలు వార్డుకు మార్చిన నూకరాజు లేచి కూర్చుని, జావ వద్దని గొడవ పెడుతున్నాడని చెప్పింది. మంచం వైపు చూసి ఆగిపోయింది.

"ఈయన్ని ఇలాగే వదిలేసేరా అండి?"

"అమ్మా, అందులో ఏం లేదు," అన్నారు రత్నరాజు గారు. ఆయన ఆ వారంలో పదేళ్ళు పెద్దవాడయ్యారు. "రబ్బరూ నీళ్ళూ. అదీ నేను తప్పుగా చేసింది."

"తెలుసండి." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "తప్పో ఒప్పో, ఆ రోజు నేను ఏడ్చింది ఈయన కోసమే కదండి. కింద ఆయనకి చెప్పలేదు. ఏటని చెప్పను? నేనొకసారి ముండమోసేనని చెప్పనా?"

నేను ఆవిడ పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"రాత్రుళ్ళు లేచి కూకుంటన్నానండి. పక్కన ఆయన ఊపిరి ఇనబడతంది, అయినా ఈ మొకమే కనబడతంది. ఈయన పోబట్టే కదండి, ఆయన బతికింది."

ఆవిడ వేళ్ళతో ఆ పచ్చటి కళ్ళు మూసింది. దుప్పటి ఛాతీ దాకా లాగి సర్దింది. జుట్టు వెనక్కి దువ్వింది. తర్వాత ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇప్పుడు తీసెయ్యండి బాబూ."

రత్నరాజు గారి చెయ్యి మీట దగ్గర ఆగిపోయింది. ఆయన వల్ల కాలేదు. నేను వెళ్ళి నొక్కాను. లోపల ఎక్కడో నీళ్ళు తిరగడం ఆగిన చప్పుడు వినిపించింది. చర్మం చల్లబడడం మొదలైంది, ముందు వేళ్ళు, తర్వాత అరచెయ్యి. పూర్తిగా చల్లబడడానికి పావుగంట పైనే పట్టింది. అంతసేపూ ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత దాన్ని దుప్పటి మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, కింద ఆయన మందు టైమైందని లేచి వెళ్ళిపోయింది.